దాటవేసిన మెట్టు

ఆ ఉదయం నేను ఫోన్ చేశానా, చేయలేదా?

ఏళ్లు గడిచినా ఈ సందేహం నన్ను వదల్లేదు. పొద్దున్నే దీపం వెలిగించి చేతులు జోడిస్తే, ఏ కోరికా నోట్లోకి రాకముందే ఇది వచ్చి నిలబడుతుంది. చేశాననే అనుకుంటాను. నంబర్లు నొక్కడం, ఆర్డర్ కోసం ఒకటి నొక్కమని అవతల రికార్డు గొంతు చెప్పడం, నొక్కగానే ‘మీ ఆర్డర్ అందింది’ అని వినపడటం, అన్నీ గుర్తే. కానీ అది ఆ రోజుదా, అంతకు ముందెప్పటిదో? అస్తమానం చేసే పనికి ఆనవాళ్లు ఉండవు. తలుపు తాళం వేశామో లేదో అని వీధి చివరిదాకా వెళ్లి వెనక్కి వచ్చేవాళ్లకు నా బాధ కొంచెం తెలుస్తుంది. వాళ్లు వెనక్కి వచ్చి తాళం లాగి చూసుకోగలరు. నాకు ఆ వీలు లేదు.

ఈ కథను మొదటినుంచీ చదువుతున్నవాళ్లు కాసేపు ఓర్చుకోవాలి. ఈ వారమే వచ్చి చేరినవాళ్లకు నాలుగు మాటలు చెప్పాలి.

మా ఆయనకు ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి. చివరి రోజుల్లో మంచం పక్కన ఎప్పుడూ ఆక్సిజన్ సిలిండర్ ఉండాల్సిందే. మీటరు ముల్లు ఎర్రగీత దగ్గరికి రాగానే కంపెనీకి ఫోన్ చేసి ఇంకొకటి తెప్పించడం నా పని. ఇంట్లో ఉన్నది పాత ల్యాండ్‌లైన్. ఎవరికి ఎప్పుడు చేశామో అది చూపించదు. ఆ కంపెనీలోనే నా తమ్ముడు కంప్యూటర్ పని చేస్తాడు. ఫోన్‌లో వచ్చిన ఆర్డర్ గోడౌన్‌కి చేరి, బండెక్కి, రోగి గుమ్మం దాకా వెళ్లే దారంతా వాడు రాసిన ప్రోగ్రామే నడిపిస్తుంది. ఒకరోజు సిలిండర్ రాలేదు. సాయంత్రం నా కబురందుకుని తమ్ముడే ఒక చిన్న సిలిండర్ భుజాన వేసుకుని రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు. అప్పటికే ఆయన ప్రాణం పోయింది. “అక్కా, మన ఇంటినుంచి ఆర్డరే లేదంటోంది కంప్యూటర్” అన్నాడు. మా అత్తయ్య నావైపు చూసి, “పొద్దున్నే ఫోన్ చెయ్యమన్నాను కదా” అంది. ఆవిడ నా మొహం చూసి అన్న ఆఖరి మాట అదే. ఆ తర్వాత నాతో ఏం చెప్పాలన్నా గోడకు చెప్పేది, లేదా తమ్ముడితో చెప్పించేది.

ఆ తర్వాత కంపెనీ రికార్డు గొంతును తీసేసి ఆర్డర్ల గదిలో మనుషుల్ని పెట్టుకుంది. తమ్ముడు చెప్పి నన్ను అందులో చేర్పించాడు. ఎవరి ఆర్డరూ పోకుండా చూసుకోవడమే నా పూజ అనుకుని చేస్తున్నాను. ఈ మధ్య మేనేజరు, ఫోన్లు ఎత్తేవాళ్లంతా ఆ ప్రోగ్రామ్ ఎలా నడుస్తుందో కూడా నేర్చుకోవాలన్నాడు. నా చదువు బడితోనే ఆగిపోయింది. తమ్ముడు ప్రతి సెలవు రోజూ ఇంటికి వచ్చి నాకు నేర్పడం మొదలుపెట్టాడు.

వాడు నేర్పేదాన్ని వర్క్‌ఫ్లో లైబ్రరీ అంటారు. “పుస్తకాలుండేది కాదక్కా. ఇదివరకే ఎవరో చేసిపెట్టిన పనిముట్ల పెట్టె. పనులన్నీ ఒక వరుసలో నడిపించడానికి” అన్నాడు. పాఠాలు మెట్లు మెట్లుగా ఉంటాయి. మొదటి మెట్టులో ఒకే ఒక్క పని. రెండోదాంట్లో ఒక పని అయ్యాక దాని చేతిలోనిది అందుకుని రెండోది మొదలవుతుంది. నాలుగోదాంట్లో, మనిషి సరేననేదాకా ప్రోగ్రామ్ ఓపిగ్గా కూర్చుంటుంది. ఐదోదాంట్లో, మధ్యలో కరెంటు పోయి వచ్చినా ఎక్కడ ఆగిందో అక్కడినుంచే అందుకుంటుంది.

మూడో మెట్టు ఏది? అదే అడిగాను. “అది తర్వాత చూద్దాంలే” అన్నాడు. రెండో వారం అడిగితే ఫోన్ వచ్చిందని లేచిపోయాడు. పోయిన వారం, వాడు వెళ్లాక, నేనే ఆ పాఠం తెరిచాను. పోయిన భాగం అక్కడ ఆపాం.

పాఠం పేరు ‘పని జరగకపోతే మళ్లీ అడగడం’.

పేరు చూడగానే నాకు మా నాన్న గుర్తొచ్చారు. దేవుణ్ని ఏదైనా ఒక్కసారే అడగాలనేవారు ఆయన. రెండోసారి అడిగితే మొదటిసారి దేవుడు వినలేదని నింద వేసినట్టేనట. ఆ మాట నాలో ఎంత లోతుకు దిగిందంటే, మా ఆయన పోయిన రోజు మధ్యాహ్నం బండి ఇంకా రాలేదేమని ఫోన్ దాకా వెళ్లి కూడా, ‘అడిగాం కదా, వస్తుంది’ అని వెనక్కి వచ్చేశాను. భక్తి అనుకున్నది మొహమాటమేమో అని తర్వాత చాలాసార్లు అనిపించింది. ఈ పాఠమేమో, జవాబు రాకపోతే మళ్లీ అడుగు, అప్పటికీ రాకపోతే ఇంకోసారి అడుగు అంటోంది. చదువుతుంటే ఎందుకో తప్పు చేస్తున్నట్టుగా ఉంది.

అయినా వారమంతా కూర్చుని రాశాను. పని నడిచింది. తమ్ముడికి చూపించాలని చిన్నపిల్లలా ఎదురుచూశాను.

సెలవు రోజు మధ్యాహ్నం వచ్చాడు. చెప్పులు విప్పుతుండగానే లోపలి గదిలోంచి అత్తయ్య అందుకుంది.

“చిన్నోడా, వచ్చావా? మీ అక్కకి చెప్పు, పాలు పొంగుతున్నాయని.”

నేను పొయ్యి పక్కనే ఉన్నాను.

“అక్కా, పాలు పొంగుతున్నాయట.”

“కట్టేశానని చెప్పు.”

“కట్టేసిందట అత్తయ్యా.”

“నాకు వినపడింది.”

“వినపడితే మధ్యలో నేనెందుకు? నాకీ జీతం లేని ఉద్యోగం ఏమిటి?” అన్నాడు వాడు. లోపల అత్తయ్య నవ్వింది. ఆవిడ నవ్వేది వాడి మాటలకే. మాత్రలు వాడు చెప్తే వేసుకుంటుంది, వాడు వచ్చే రోజున జడ మళ్లీ అల్లుకుంటుంది. కొడుకు పోయిన చోట వాణ్ని కూర్చోబెట్టుకుంది. అది చూసి నాకు సంతోషమే ఉండేది. ఈ ఇంట్లో ఆవిడ ఎవరితోనైనా మాట్లాడుతోందన్న సంతోషం.

టీ గ్లాసు వాడి ముందు పెట్టి, భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచాను.

“నువ్వు చెప్పకపోతే నాకు రాదనుకున్నావా? చూడు.”

“ఏమిటది?”

“మూడో మెట్టు.”

గ్లాసు పెదాల దాకా వెళ్లి ఆగింది. “నేను చెప్తానన్నాను కదక్కా.”

“నువ్వు చెప్పేసరికి నేను రిటైరవుతాను. ముందు చూడు, తర్వాత తిట్టు.”

పాఠంలో ఉత్తుత్తి గోడౌన్ ఒకటి ఉంటుంది. అడిగిన సరుకు తీసి పక్కన పెడుతుంది, పెట్టానని జవాబు చెబుతుంది. నేర్చుకునేవాళ్లను పరీక్షించడానికి అప్పుడప్పుడు కావాలనే జవాబు ఆలస్యం చేస్తుంది. నేను అందులో మూడు సిలిండర్లు పెట్టాను. ముగ్గురు రోగుల్ని పెట్టుకున్నాను. వాళ్లకు తాతగారు, టీచరమ్మ, మెకానిక్ అని పేర్లు పెట్టాను. ముగ్గురికీ మూడు. లెక్క సరిపోవాలి.

“అన్నీ సరిగ్గా వెళ్తున్నాయి కానీ, ఒక్కోసారి భలే చేస్తుందిరా. ఉండు, అదొస్తుందేమో” అంటూ నడిపించాను.

వచ్చింది. తెర మీద వరుసగా అక్షరాలు పడ్డాయి. తాతగారి ఇంటికి ఒక సిలిండర్. తాతగారి ఇంటికి ఇంకో సిలిండర్. టీచరమ్మకు ఒకటి. మెకానిక్ దగ్గరికి వచ్చేసరికి గోడౌన్ ఖాళీ.

నాకు నవ్వొచ్చింది. “చూశావా? తాతగారు ఒక ముక్కుపుటానికి ఒకటి, రెండోదానికి ఒకటి పెట్టుకోవాలి కాబోలు! ఎందుకలా అయిందో కూడా నేనే కనిపెట్టాను. గోడౌన్ మొదటిసారే సిలిండర్ తీసి పెట్టింది. పెట్టానని చెప్పడమే ఆలస్యమైంది. నా ప్రోగ్రామ్‌కి ఓపిక తక్కువ, పని కాలేదనుకుని మళ్లీ అడిగింది. అది పాపం ఇంకొకటి తీసి పెట్టింది. దీనికి మందు తర్వాతి పేజీలో ఉందట. ప్రతి ఆర్డర్‌కీ ఒక గుర్తు పెట్టి పంపితే, ఇది ఇందాకటిదే కదా అని గోడౌన్ గుర్తుపడుతుందట.”

వాడు నవ్వలేదు. తెర వైపు చూడటం లేదు కూడా. బల్ల అంచు మీద బొటనవేలు ఆనించి అదే చోట రుద్దుతున్నాడు.

“మరి మెకానిక్ ఆర్డర్ ఏదక్కా?” అన్నాడు.

“అదా? సరుకు లేక ఆగిపోయినవి తెర మీద అలాగే వేలాడుతుంటే నాకు చిరాకేసింది. ఆఖర్న ఒక లైను రాశాను. మిగిలిపోయినవన్నీ తుడిచెయ్యి అని. వంటయ్యాక గట్టు తుడుచుకోమా, అలాగ.”

“అంటే ఇప్పుడు ఆ మెకానిక్...”

“అసలు ఆర్డర్ ఇచ్చినట్టే ఉండదు.”

నా నోటినుంచి ఆ మాట బయటికి వచ్చాక, అది నా చెవులకు చేరడానికి కొంత సేపు పట్టింది. 

నేను మళ్లీ తెర చూశాను. ఒక ఇంటికి రెండు. ఒక ఇంటికి ఏమీ లేదు. ఏమీ లేని ఇంటివాళ్లు అడిగినట్టు కూడా లేదు. ఆ తర్వాత తమ్ముడి మొహం చూశాను. ఆ మొహం నేను పెంచిన మొహం. అమ్మ మంచాన పడ్డప్పటినుంచీ వాడికి అన్నం కలిపి పెట్టింది నేను, తల దువ్వింది నేను. తప్పు చేస్తే ముందు వాడి చెవులు ఎర్రబడతాయి. ఇప్పుడు రెండు చెవులూ ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

“ఒరేయ్” అన్నాను. “ఆ రోజు ఇదేనా జరిగింది?”

వాడు ల్యాప్‌టాప్ మూత దించేశాడు.

“నేను ఫోన్ చేశానా?”

“చేశావక్కా.”

ఏం చెప్పను! నా గుండెల మీద ఎవరో కూర్చుని కూర్చుని, చెప్పాపెట్టకుండా లేచి వెళ్లిపోయినట్టయింది. ఒక్క క్షణం ఒళ్లంతా తేలికపడింది. దేవుడా, నేను మర్చిపోలేదు, నేను ఫోన్ చేశాను. ఆ మరుక్షణం ఆ తేలికకే సిగ్గుపడ్డాను. చేస్తే మాత్రం ఏమైంది? ఆయన ఊపిరి అందక మంచంపట్టీ పట్టుకున్న చెయ్యి అలాగే ఉంది కదా. నేను తప్పు చేయలేదని తెలిస్తే ఆయన లేచి వస్తారా?

“నీకెప్పుడు తెలిసింది?” గొంతు తగ్గించి అడిగాను. లోపలి గది తలుపు ఓరగా వేసి ఉంది.

“ఆ వారంలోనే. బండి డ్రైవర్ మాటల్లో అన్నాడు, ఒక ఇంట్లో రెండు దించానని. అప్పుడు కూర్చుని చూశాను. గోడౌన్ మిషను ఆ రోజు నెమ్మదిగా ఉంది. నేను రాసింది మళ్లీ అడిగింది. చివరిది మనది, మనకి మిగల్లేదు. సాయంత్రానికి మిగిలినవన్నీ తుడిచేసింది. అది కూడా నేను రాసిందే. తెర శుభ్రంగా ఉండాలని.”

తెర శుభ్రంగా ఉండాలని! వాడు బడికి వెళ్లే రోజుల్లో, పలక తుడవకుండా లేస్తే చెవి మెలేసేదాన్ని. పని అయ్యాక మిగిలింది వదిలేసి లేవకూడదని చెప్పి చెప్పి పెంచాను. నేనిప్పుడు రాసిన లైను, వాడప్పుడు రాసిన లైను ఒకే ఇంట్లో పుట్టినవి.

“మీ మేనేజరుకి చెప్పావా?”

“చెప్పాను. సరిచెయ్యి, నోరు మూసుకో అన్నాడు. సరిచేశాను. నోరు కూడా మూసుకున్నాను.”

“నాకైనా చెప్పకూడదురా?”

“చెప్దామనే వచ్చానక్కా. మెట్లెక్కి పైకి వచ్చేసరికి అత్తయ్య గుమ్మంలోనే నా చెయ్యి పట్టుకుంది. ‘నాకింక నువ్వొక్కడివే మిగిలావురా’ అంది. ఇంక నాకు నోరు పెగల్లేదు.”

“నీ చెయ్యి పట్టుకుంది, సరే. నా చెయ్యి వదిలేసింది కదరా! నువ్వు చూస్తూనే ఉన్నావు. పాలు పొంగుతున్నాయని నువ్వొచ్చి నాకు చెప్తుంటే, అందులో నీకు ఒక్కసారైనా ఏమీ అనిపించలేదా?”

“ప్రతిసారీ అనిపించింది. అందుకే జోకులేస్తాను.”

కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ అది వాడి మీదికి వెళ్లేలోపే దారి తప్పిపోయింది. పెంచిన చేతికి కొట్టడం తెలుసు కానీ, ఇంత పెద్ద దెబ్బ ఎలా కొట్టాలో తెలియదు. నేను లేచి గ్లాసు తీసి కడిగాను. కడిగిన గ్లాసునే మళ్లీ కడిగాను.

వెనకనుంచి వాడే అన్నాడు. “నిన్ను ఉద్యోగంలో చేర్పించింది కూడా...”

“పాపం కడుక్కోవడానికా?”

“నేర్పితే ఏదో ఒక రోజు నీకే కనపడుతుందనుకున్నాను. నా నోటితో చెప్పాల్సిన పని ఉండదనుకున్నాను. ఒక్కో మెట్టూ నిన్ను పైకి తీసుకొచ్చాను. తీరా ఆ మెట్టు దగ్గరికి వచ్చేసరికి కాళ్లాడలేదు. దాటించేశాను.”

“భలే మాస్టారివిరా నువ్వు.”

నేను నవ్వలేదు, వాడూ నవ్వలేదు.

చెంగుతో చేతులు తుడుచుకుని వచ్చి ఎదురుగా కూర్చున్నాను. “అత్తయ్యకి నువ్వు చెప్పాలి.”

వాడు లోపలి గది తలుపు వైపు చూశాడు. లోపల అత్తయ్య ఏదో సణుక్కుంటోంది, సూది దొరకడం లేదు కాబోలు. నాకు తెలుసు, నేను అడుగుతున్నది చిన్న సంగతి కాదు. ఆవిడకు మిగిలిన ఒక్కణ్నీ ఆవిడ చేతిలోంచి లాగేయమంటున్నాను. నా మీద ఉన్న మచ్చ పోవడానికి ఒక ముసలి ప్రాణానికి ఉన్న ఊతం పోవాలి. అది న్యాయమేనా అని దేవుణ్నే అడగాలనిపించింది. కానీ ఆయన విన్నా, విన్నానని చెప్పడు కదా.

మా నాన్న కూతురిగా నేను అక్కడితో ఆగిపోవాలి. అడిగాను. వింటే వింటాడు, లేకపోతే లేదు.

“చెప్పరా” అన్నాను, మళ్లీ.

“చెప్తానక్కా. కొంచెం టైమివ్వు. ఆవిడకి బీపీ ఉంది.”

“ఆవిడ బీపీ మాత్రలు డబ్బాలో సర్దేది నేను. నాకు తెలుసు. చెప్పు.”

మూడోసారి అడిగేటప్పుడు నా గొంతు నాకే కొత్తగా ఉంది. బతిమాలుకున్నట్టు లేదు, గదమాయించినట్టూ లేదు. అడిగినట్టుంది, అంతే. అడగడంలో ఎవర్నీ అవమానించడం లేదని, జవాబు రానప్పుడు అడుగుతూ ఉండటమే ఒక్కోసారి నమ్మకమేమోనని, ఈ వయసులో అప్పుడు తోచింది.

వాడు లేచాడు.

అత్తయ్య కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని దిండు గలీబు కుట్టుకుంటోంది. అంచు విడిపోయిన గలీబు. వాణ్ని చూడగానే సూదీ దారం చాపింది. “ఎక్కించిపెట్టు నాయనా. ఇందాకట్నించీ దాని బెజ్జం నాకు కనపడి చావడం లేదు.”

వాడు కింద కూర్చుని సూది తీసుకున్నాడు. నేను గుమ్మం దగ్గర ఆగాను. దారం కొన తడి చేసి, సూదిని వెలుగుకి పెట్టి, ఎక్కించబోయాడు. దారం పక్కకు జారింది.

“అత్తయ్యా, బావ పోయిన రోజు... మా కంపెనీ సర్వర్‌లో టైమౌట్ అయి, ఆర్డర్ డబుల్ హిట్ పడిపోయి...”

“ఏమిటీ?”

“అంటే గోడౌన్ సిస్టమ్ రెస్పాన్స్...”

“నాయనా, నాకు అర్థమయ్యేట్టు చెప్పు. దేని గురించి ఇది?”

వాడు మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ అవే మాటలు. నాకు పనిముట్ల పెట్టె అనీ, కరెంటు పోయి రావడమనీ మెట్టు మెట్టుగా చెప్పినవాడు, ఆవిడ ముందు ఒక్క తెలుగు మాట దొరక్క తడుముకుంటున్నాడు. నేను అందుకుని చెప్పగలను. ఒక ఇంటికి రెండు వెళ్లాయి, మన ఇంటికి రావాల్సింది రాలేదు అని రెండు ముక్కల్లో తేల్చేయగలను. నోటిదాకా వచ్చింది. పళ్లు బిగబట్టుకుని ఊరుకున్నాను. అది నేను చెప్పాల్సిన మాట కాదు.

అత్తయ్య కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది.

“చిన్నోడా. నాకవన్నీ వద్దు. ఆ రోజు మీ అక్క ఫోన్ చేసిందా, లేదా?”

“చేసింది.”

“పొద్దున్నేనా?”

“పొద్దున్నే చేసింది అత్తయ్యా. తప్పు నాది. నేను రాసినదాంట్లో తప్పు. ఇంకో ఇంటికి రెండు వెళ్లాయి, అందులో ఒకటి మనకి రావలసింది. నాకు అప్పుడే తెలిసింది. చెప్పలేదు.”

ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. అరుస్తుందనుకున్నాను. వాడి చేతిలోంచి సూదీ దారం మెల్లగా తీసుకుంది. రెండూ విడివిడిగా గలీబు మీద పెట్టింది. కిటికీలోంచి ఎదురు మేడ మీద ఎవరో ఆరేసిన బట్టలు తీసుకుంటుంటే, ఆఖరి బట్ట తీసేదాకా చూస్తూ కూర్చుంది. వాడు తల వంచుకుని ఆవిడ కాళ్ల దగ్గర అలాగే ఉన్నాడు. ఆవిడ చెయ్యి అలవాటుగా వాడి తల మీదికి వెళ్లబోయి, మధ్యలో ఆగి, కుర్చీ చేతి మీదికి తిరిగి వచ్చేసింది. నేను ఇన్నేళ్లు పడ్డదంతా ఒక ఎత్తు, ఆ చెయ్యి వెనక్కి రావడం చూడటం ఒక ఎత్తు. కావాలని అడిగింది నేనే.

కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని అడిగింది. “ఆ రెండూ వెళ్లిన ఇల్లు ఎవరిది?”

“ఒక పెద్దాయనది. ఒక్కరే ఉంటారు.”

“బతికాడా?”

“బతికే ఉన్నారు. ఇప్పటికీ మా దగ్గరే తీసుకుంటారు.”

“ఒక మనిషికి రెండొస్తే, ఎక్కువొచ్చిందని చెప్పడా ఆయన?”

తమ్ముడి భుజాలు కుంగిపోయాయి. వాడి దగ్గర ఇంకా ఏదో ఉందని, నాతో బల్ల దగ్గర అంత మాట్లాడి కూడా దాచుకున్నాడని అప్పుడు అర్థమైంది.

“చెప్పారు. ఆ రోజు మధ్యాహ్నమే చెప్పారు. రికార్డు మిషన్‌లో చెప్పి పెట్టారు. ‘ఒకటి ఎక్కువొచ్చింది, పాపం ఎవరిదో, వాళ్లు ఎదురుచూస్తుంటారు, వచ్చి తీసుకెళ్లి వాళ్లకివ్వండి. అందిందో లేదో నాకు తిరిగి ఫోన్ చెయ్యండి’ అన్నారు. నేను అది విన్నది బావని సాగనంపి వచ్చాక.”

మధ్యాహ్నం! నేను ఫోన్ దాకా వెళ్లి వెనక్కి వచ్చిన వేళ, ఇంకో ఇంట్లో ముక్కూమొహం తెలియని మనిషి మా కోసం ఫోన్ చేశాడు.

“తిరిగి చేశావా?” అంది అత్తయ్య.

“లేదు.”

“ఇన్నేళ్లలో?”

“ఏమని చెయ్యను అత్తయ్యా? అందలేదని ఎలా చెప్పను?”

“ఇప్పుడు చెయ్యి.”

“ఇప్పుడా?”

“నా ముందే చెయ్యి. ఆ మనిషి అడిగాడు. జవాబివ్వాలి.”

వాడు జేబులోంచి ఫోన్ తీశాడు కానీ అలాగే పట్టుకున్నాడు. నంబర్ వాడి దగ్గర లేదు. ఒక్కరే ఉండే పెద్దాయన మా లెక్కల్లో ఒకరే ఉన్నారు, ఆర్డర్ల గదిలో వారంవారం ఆయన ఫోన్ ఎత్తేది నేను. ఆ విషయం వాడికి తెలుసు, అందుకే నావైపు చూశాడు. వాడి చూపు వెంటే అత్తయ్య కూడా తల తిప్పింది.

“నంబర్ చెప్పమ్మా” అంది నాతో.

వాడితో చెప్పించలేదు. గోడకి చెప్పలేదు. నేను నంబర్ చెప్పడం మొదలుపెట్టి, సగంలో తడబడి, మళ్లీ మొదటినుంచీ చెప్పాను. తమ్ముడు నొక్కాడు. అందరికీ వినపడేలా స్పీకర్ పెట్టి ఫోన్‌ని దిండు గలీబు మీద ఉంచాడు. అవతల చాలాసేపు మోగింది. ఎత్తకపోతే బాగుండునని వాడి మొహంలో కనపడుతోంది. నిజం చెప్పాలంటే నాకూ అదే అనిపించింది.

“హలో” అంది నాకు తెలిసిన గొంతు. తమ్ముడు కంపెనీ పేరు చెప్పగానే అందుకున్నాడాయన. “సిలిండర్ కంపెనీనా? నేనింకా అడగందే మీరే చేశారేంటి, కాలం మారిందే!”

ఆయన నవ్వు వెనక, ఆక్సిజన్ గొట్టం సీసాలో నీళ్లు బుడబుడలాడే చప్పుడు సన్నగా వినపడింది. ఈ ఇంట్లో ఆ చప్పుడు ఆగిపోయి ఏళ్లయింది. అత్తయ్య కళ్లు మూసుకుంది.

“అయ్యా” అన్నాడు తమ్ముడు. “చాలా ఏళ్ల కిందట మీ ఇంటికి పొరపాటున రెండు సిలిండర్లు వచ్చాయి. మీరు ఫోన్ చేసి చెప్పారు. తిరిగి చెయ్యమన్నారు. నేను చెయ్యలేదు. అందుకే ఇప్పుడు చేస్తున్నాను.”

అవతల నవ్వు ఆగింది. బుడగలు ఆగలేదు.

“గుర్తుంది బాబూ” అన్నాడాయన. “అదెవరిదో తెలిసిందా? వాళ్లకి అందిందా?”

తమ్ముడు ఫోన్ మీదికి వంగి, మళ్లీ వెనక్కి జరిగాడు. జవాబు చెప్పడానికి అత్తయ్యే చెయ్యి చాపి ఫోన్ అందుకుంది.